నీళ్ల జగ్గు దగ్గర పట్టుబడే జబ్బులు: నర్సింగ్ విద్యార్థులకు హార్మోన్ల పాఠం

అందరికీ నమస్కారం. కూర్చోండి. చివరి వరసల్లో వాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు.

ఎండోక్రైన్ చాప్టర్ అనగానే మీలో చాలామందికి టెన్షన్ అని మీ మేడమ్ చెప్పారు. నేను చదువుకునేటప్పుడు నాకూ అంతే. గ్రంథి పేరు, హార్మోన్ పేరు, ఎక్కువైతే ఏ జబ్బు, తక్కువైతే ఏ జబ్బు అని నాలుగు గళ్ల పట్టిక గీసుకుని బట్టీ పట్టాను. పరీక్షలో మార్కులు వచ్చాయి. వార్డులో అడుగుపెట్టాక మాత్రం ఆ పట్టిక అక్కరకి రాలేదు. పేషెంటు గళ్లలో సర్దుకుని రాడు కదా. "సిస్టర్, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరట్లేదు" అంటాడు ఒకాయన. "ఉంగరం వేలికి పట్టేసింది, సబ్బు రాసినా రావట్లేదు" అంటుంది ఒకావిడ. "నాకింకా పాలు పడలేదు" అని ఓ బాలింత నెమ్మదిగా చెబుతుంది. ఇలాంటివి డాక్టరుగారితో చెప్పేంత పెద్ద సంగతులు కావని వాళ్లనుకుంటారు. మనం దుప్పటి మారుస్తున్నప్పుడు, బీపీ చూస్తున్నప్పుడు మాత్రం నోరు విప్పుతారు.

హార్మోన్ల జబ్బుల్లో మొదటి ఆధారం చాలాసార్లు ల్యాబ్ కంటే ముందు నర్సు చెవిన పడుతుంది. అది ఆధారమని మనకి తెలియాలి, అంతే. తెలియాలంటే పట్టిక చాలదు. ఒంట్లో ఆజ్ఞ ఎవరిస్తున్నారు, ఎవరు వింటున్నారు, పని అయిందన్న కబురు తిరిగి ఎలా వెళ్తోంది, ఈ మూడూ అర్థం కావాలి. ఇవాళ నేను మీ ముందు పెట్టేది అదొక్కటే.

ముందు ఒక ప్రయోగం చెబుతాను. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్క చిన్నపేగులో ఒక ముక్కకి వెళ్లే నరాలన్నీ కోసేశారు. ఆ ముక్కలో కొంచెం ఆమ్లం పోశారు. నరాలు లేవు కాబట్టి జీర్ణరసం ఇచ్చే క్లోమానికి, అదే ప్యాంక్రియాస్‌కి, సంగతి తెలియకూడదు. కానీ క్లోమం రసం ఊరించింది! అప్పుడు వాళ్లు పేగు లోపలి పొరని గీకి, ఆమ్లంతో నూరి, వడగట్టి, ఆ రసాన్ని రక్తనాళంలోకి ఎక్కించారు. మళ్లీ క్లోమం స్పందించింది. అంటే కబురు నెత్తురు ద్వారా వెళ్తోందన్నమాట. ఆ పదార్థానికి సిక్రిటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి హార్మోన్ అనే మాట వాడాడు. గ్రీకులో ఆ మాటకి కదిలించేది, ప్రేరేపించేది అని అర్థం.

నెత్తురులో పడ్డ హార్మోన్ ఒళ్లంతా తిరుగుతుంది. మరి అన్ని అవయవాలూ ఎందుకు స్పందించవు? దాన్ని అందుకునే రిసెప్టర్ ఉన్న కణమే వింటుంది కాబట్టి. ఇందులో మనకి వార్డులో పనికొచ్చే తేడా ఒకటుంది. అడ్రినలిన్, ఇన్సులిన్ లాంటివి కణం పైపొర మీదే తలుపు తట్టి పని చేయిస్తాయి. అందుకే నిమిషాల్లో, ఒక్కోసారి సెకన్లలో ఫలితం కనిపిస్తుంది. స్టెరాయిడ్లు, థైరాయిడ్ హార్మోన్ ముఖ్యంగా కణం లోపలికి వెళ్లి జన్యువుల పని మారుస్తాయి. కొత్త ప్రొటీన్లు తయారవ్వాలి, దానికి గంటలు, రోజులు పడుతుంది. "మాత్ర మొదలుపెట్టి పది రోజులైంది, నీరసం అలాగే ఉంది" అని థైరాయిడ్ పేషెంటు అన్నప్పుడు మీరు ధైర్యం చెప్పగలగాలంటే ఈ తేడా తెలిసుండాలి.

ఇప్పుడు థైరాయిడ్ దగ్గరికే వద్దాం. మెదడు అడుగున హైపోథాలమస్ ఉంది. దాని కింద చిన్న కాడకి వేలాడుతూ పీయూష గ్రంథి, అదే పిట్యూటరీ. దాని బరువు అర గ్రాము మాత్రమే. హైపోథాలమస్ నుంచి టీఆర్‌హెచ్ వస్తే పిట్యూటరీ టీఎస్‌హెచ్ వదులుతుంది. టీఎస్‌హెచ్ అందితే మెడలో ఉన్న థైరాయిడ్ టీ4, టీ3 తయారు చేస్తుంది. అవి చాలినంత అయ్యాక పైవాళ్లిద్దరికీ "ఇక చాలు" అన్న కబురు వెళ్తుంది. దీన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు.

దీన్ని ఆకళింపు చేసుకుంటే రిపోర్టు మీ చేతిలో మాట్లాడుతుంది. టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 తక్కువ అని వచ్చిందనుకోండి. పైనుంచి అరుస్తూనే ఉన్నారు, కిందవాడికి చేతకావట్లేదు. జబ్బు థైరాయిడ్‌లో ఉంది. టీ4 ఎక్కువ, టీఎస్‌హెచ్ అడుగంటిపోయింది. పైవాళ్లు నోరు మూసుకున్నా కిందవాడు తనంతట తాను తయారు చేసేస్తున్నాడు. టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ కూడా తక్కువో, లేక ఎంత పెరగాలో అంత పెరగకుండా మామూలుగానో ఉంది. అప్పుడు జబ్బు పైన ఉంది, పిట్యూటరీలోనో దానికంటే పైనో. ఈ మూడో రకాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దీనితో పని పడుతుంది.

థైరాయిడ్ తక్కువైన మనిషిని మీరు చూస్తూనే ఉంటారు. చలి, మలబద్ధకం, గొంతు బొంగురు, కళ్ల కింద ఉబ్బు, పొడిబారిన చర్మం, మందకొడితనం. దానికిచ్చే లివోథైరాక్సిన్ మాత్ర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు మన చేతుల్లోనే జరుగుతుంది. టీ4 సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. ఇలాంటి మందు ఒంట్లో ఒక స్థాయికి చేరి నిలబడటానికి అలాంటి సగాలు అయిదు గడవాలి. అంటే అయిదారు వారాలు. డోసు మార్చాక ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చూద్దాం అని డాక్టర్లు అనేది అందుకే. పది రోజులకే పరీక్ష చేయించుకుని డోసు చాల్లేదని గాబరా పడేవాళ్లకి ఈ లెక్క చెప్పండి.

రెండోది, మాత్ర వేసే వేళ. ఉదయం 8 గంటల మందుల రౌండ్‌లో చిన్న కప్పులో అన్ని మాత్రలూ కలిపి ఇచ్చేయడం చాలా వార్డుల్లో అలవాటు. ఆ కప్పులో థైరాయిడ్ మాత్ర పక్కనే ఐరన్, కాల్షియం మాత్రలుంటాయి. కడుపులోకి వెళ్లాక ఐరన్, కాల్షియం ఆ హార్మోన్‌ని పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. మనం సంతకం పెట్టాం, మందు ఇచ్చాం, పేషెంటు ఒంటికి మాత్రం అందలేదు. కాబట్టి పరగడుపున, మంచినీళ్లతో, తిండికి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం దానికి 4 గంటల ఎడంగా. నైట్ డ్యూటీ సిస్టర్ ఉదయం 6 గంటలకి ఈ ఒక్క మాత్ర ఇచ్చి వెళ్తే సమస్య తీరిపోతుంది. పెద్ద వయసువాళ్లలో, గుండె జబ్బున్నవాళ్లలో తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. నిద్రాణంగా ఉన్న గుండెని ఒక్కసారిగా పరుగెత్తిస్తే ఛాతీ నొప్పి వస్తుంది. వాళ్లు ఛాతీ బరువుగా ఉందంటే తేలిగ్గా తీసుకోవద్దు.

థైరాయిడ్ ఎక్కువైనప్పుడు మీకొక మంచి పద్ధతి చెబుతాను. పేషెంటు గాఢ నిద్రలో ఉన్నప్పుడు, లేపకుండా, మణికట్టు దగ్గర నాడి చూడండి. కంగారు వల్ల నాడి వేగంగా కొట్టుకునే మనిషికి నిద్రలో అది నెమ్మదిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైన మనిషికి నిద్రలోనూ పరుగే. దీనికి ఏ మెషీనూ అక్కర్లేదు, పగటి రౌండ్స్‌లో ఎవరికీ దొరకదు. రాత్రి మేలుకుని ఉండే మనకే దొరుకుతుంది. వీళ్లకి థైరాయిడ్ పని తగ్గించే కార్బిమజోల్ లాంటి మందు ఇస్తున్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం అంటే మామూలు జలుబు అనుకోకండి. అరుదుగా ఆ మందు తెల్ల రక్తకణాలని బాగా తగ్గించేస్తుంది. మందు ఆపి ఆ రోజే కణాల లెక్క చూడాలి. ఇంటికి పంపేటప్పుడు ఈ ఒక్క ముక్కా పేషెంటు చేత తిరిగి చెప్పించుకోండి.

థైరాయిడ్ ఆపరేషన్ అయిన మొదటి రాత్రి మన పరీక్ష. గాయం ముందువైపు డ్రెస్సింగ్ పొడిగానే ఉంటుంది. పేషెంటు తల ఎత్తుగా పడుకుని ఉంటాడు కదా, నెత్తురు కారితే మెడ వెనక్కి జారుతుంది. మీ చెయ్యి మెడ కిందకి పోనిచ్చి తడి ఉందేమో చూడండి. లోపలే గడ్డకడితే మెడ ఉబ్బుతుంది, గొంతు బిగుతుగా ఉందంటాడు, ఊపిరి తీస్తుంటే కీచుమని శబ్దం వస్తుంది. అప్పుడు ఫోన్ చేసి ఎదురుచూసే వ్యవధి ఉండదు. మంచం పక్కన కుట్లు తీసే సామాను, ట్రాకియాస్టమీ సెట్ (గొంతు దగ్గర గాలికి దారి చేసే సామాను), ఆక్సిజన్, సక్షన్ ముందే సిద్ధంగా ఉండాలి.

ఇంకొకటి, థైరాయిడ్ వెనక బియ్యపు గింజలంత నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఆపరేషన్‌లో అవి దెబ్బతింటే ఒకటి రెండు రోజుల్లో కాల్షియం పడిపోతుంది. మొదట పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. మీరు బీపీ చూడటానికి కఫ్ బిగించినప్పుడు చెయ్యి దానంతటదే మణికట్టు దగ్గర వంగి, వేళ్లు దగ్గరికి ముడుచుకుపోతే అది ట్రూసో సైన్. పై బీపీ కంటే 20 ఎక్కువ దాకా గాలి నింపి 3 నిమిషాలు ఉంచి చూస్తారు. కాల్షియం గ్లూకోనేట్ ఎక్కడుందో డ్యూటీ ఎక్కగానే చూసి పెట్టుకోండి. ఇచ్చేటప్పుడు మెల్లగా, మానిటర్ మీద గుండె చూస్తూ ఇవ్వాలి.

ఇక మూత్రపిండాల మీద కూర్చునే అడ్రినల్ గ్రంథి. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం. ఏ ఆసుపత్రో చెప్పను. సర్జికల్ వార్డులో నైట్ డ్యూటీ. యాభై దాటిన ఒకావిడకి ఆ రోజు మధ్యాహ్నం గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. ముందు రోజు రాత్రి నుంచే ఎన్‌పీవో, నోటితో ఏమీ ఇవ్వకూడదు. రాత్రి 11కి బీపీ 100. ఒంటిగంటకి 90. రెండింటికి 80. సెలైన్ వేగం పెంచాం. పెరగలేదు. వాంతులు. పిలిస్తే కళ్లు తెరుస్తోంది, మళ్లీ మూసేసుకుంటోంది. లోపల నెత్తురు పోతోందేమోనని అందరం అదే వెతుకుతున్నాం. డ్రెయిన్‌లో ఏమీ లేదు, పొట్ట మెత్తగానే ఉంది. షుగర్ చూస్తే 58. ఆవిడకి షుగర్ జబ్బే లేదు!

క్యాన్యులా మార్చడానికి ఆవిడ చెయ్యి పట్టుకున్నప్పుడు నేనొకటి చూశాను. ముంజేతి చర్మం ఉల్లిపొర లాగా పల్చగా ఉంది. ప్లాస్టర్ పీకితే చర్మం కూడా లేచొచ్చింది. అక్కడక్కడా వంకాయ రంగు మచ్చలు. మొహం గుండ్రంగా, బుగ్గలు నిండుగా. చూశాను గానీ ఆలోచించలేదు. వయసులో పెద్దావిడ కదా అనుకున్నాను. మూడింటికి పక్క వార్డు నుంచి మా సీనియర్ సిస్టర్ వచ్చింది. ఆ చెయ్యి ఒక్కసారి నిమిరి, బయట కూర్చున్న కూతుర్ని పిలిచి, "అమ్మ ఇంట్లో ఏం మందులు వేసుకుంటుందమ్మా? ఆ సంచీ పట్రా" అంది. సంచీలో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ స్ట్రిప్పులు. ఆరేళ్లుగా రోజూ వేసుకుంటోందట. ఆవిడ దాన్ని కీళ్లనొప్పుల మాత్ర అని చెప్పింది. కేస్ షీట్‌లో కూడా కీళ్లనొప్పులకి మందులు అనే రాసుంది. ఎన్‌పీవో అనగానే అన్ని మాత్రలతోపాటు అదీ ఆగిపోయింది. డ్యూటీ డాక్టరు వెంటనే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 100 మి.గ్రా. నరంలోకి ఇమ్మన్నారు. దాంతోపాటు డెక్స్‌ట్రోజ్, సెలైన్. తెల్లారేసరికి బీపీ 110. ఆవిడ నన్ను చూసి మంచినీళ్లు అడిగింది.

ఏం జరిగిందో ఇప్పుడు మన మూడు ప్రశ్నలతో చూడండి. అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్ కూడా ఒక స్టెరాయిడే. బయటినుంచి రోజూ స్టెరాయిడ్ వస్తుంటే పిట్యూటరీకి "చాలు, చాలు" అన్న కబురే వెళ్తుంటుంది. అడ్రినల్‌కి ఆజ్ఞ మోసుకెళ్లే ఏసీటీహెచ్‌ని వదలడం ఆపేస్తుంది. ఆజ్ఞ లేని అడ్రినల్ పని మానేసి కుంచించుకుపోతుంది. మూడు నాలుగు వారాలు మించి వాడినా ఇది జరగొచ్చు. ఆపరేషన్, జ్వరం, పెద్ద దెబ్బ లాంటివి తగిలినప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు కార్టిసాల్‌ని ఎన్నో రెట్లు పెంచుకుంటుంది. ఆవిడ ఒళ్లు పెంచుకోలేకపోయింది. ఆ కార్టిసాల్ లేకపోతే రక్తనాళాలు అడ్రినలిన్ మాట కూడా సరిగా వినవు, కాలేయం చక్కెర తయారు చేయలేదు. బీపీ, షుగర్ రెండూ పడిపోవడానికి కారణం అదే.

పాఠ్యపుస్తకంలో అడిసన్స్ జబ్బు అని చదివుంటారు. థామస్ అడిసన్ 1855లో రాశాడు. అందులో చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడతాయి, పొటాషియం పెరుగుతుంది అని ఉంటుంది. మరి ఆ రాత్రి ఈవిడకి అవేవీ ఎందుకు లేవు? ఆలోచించండి. అడిసన్స్‌లో చెడిపోయింది అడ్రినల్. పైన పిట్యూటరీ గొంతు చించుకుని ఏసీటీహెచ్ వదులుతుంది. ఆ ఏసీటీహెచ్‌తో పాటే చర్మానికి రంగునిచ్చే కణాలూ ప్రేరేపణ పొందుతాయి, అందుకే నలుపు. అడ్రినల్ మొత్తం పోయింది కాబట్టి, పొటాషియంని మూత్రంలోకి పంపే దాని ఇంకో హార్మోన్ ఆల్డోస్టిరోన్ కూడా ఉండదు, పొటాషియం బయటికి పోదు. మన పేషెంటులో ఏసీటీహెచ్ అసలే లేదు, కాబట్టి నలుపు లేదు. ఆల్డోస్టిరోన్‌ని ముఖ్యంగా నడిపేది మూత్రపిండాల నుంచి వచ్చే రెనిన్ దారి, పిట్యూటరీ కాదు, కాబట్టి పొటాషియం మామూలుగానే ఉంది. చూశారా, బట్టీ పట్టాల్సిన రెండు వరసలు ఒక్క ఆలోచనలో వచ్చేశాయి.

అందుకని అడ్మిషన్ రోజున "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగి వదిలేయకండి. సంచీ తెప్పించి స్ట్రిప్పులు కళ్లారా చూడండి. నొప్పుల మాత్ర, ఆయాసం మందు, చర్మానికి పూత, ఏదైనా స్టెరాయిడ్ కావచ్చు. స్టెరాయిడ్ వాడేవాళ్లకి ఎన్‌పీవో రాస్తే, "సార్, దీని బదులు ఇంజెక్షన్ రాస్తారా" అని అడగడం మన పని. ఇంటికెళ్లేవాళ్లకి కూడా చెప్పండి: సొంతంగా ఆపొద్దు, జ్వరం వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం డోసు పెంచాలి, వాంతులతో మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్‌కి ఆసుపత్రికి రావాలి.

ఇక ఇందాక గుర్తుపెట్టుకోమన్న మూడో రకం రిపోర్టు, ఆ పాలు పడని బాలింత. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ పెద్దదవుతుంది, దానికి నెత్తురు ఎక్కువ కావాలి. కాన్పులో విపరీతంగా రక్తస్రావమై బీపీ పడిపోతే ఆ గ్రంథిలో కొంత భాగం చచ్చిపోతుంది. షీహన్స్ సిండ్రోమ్ అంటారు. పాలు తయారు చేయించే పిట్యూటరీ హార్మోన్ ప్రొలాక్టిన్ లేదు కాబట్టి పాలు పడవు. తర్వాత నెలసరి రాదు, నీరసం, చలి. చాలామందిలో ఇది ఏళ్ల తరబడి బయటపడదు. రక్తం ఎక్కించిన బాలింత పాలు పడలేదంటే, బిడ్డని పట్టుకునే తీరు సరిచేయడంతో పాటు ఆ మాటని చార్టులో రాసి డాక్టరుకి చెప్పండి. ఇలాంటి మనిషికి టీ4 తక్కువుందని థైరాయిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెడితే ప్రమాదం. కార్టిసాల్ కూడా లేని ఒంట్లో థైరాయిడ్ వేగం పెంచితే, ఆ రాత్రి నేను చూసినలాంటి అడ్రినల్ క్రైసిస్ వస్తుంది. ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్.

పిట్యూటరీ వెనక భాగం గురించి క్లుప్తంగా. అక్కడినుంచి వచ్చే ఏడీహెచ్ (ఇంకో పేరు వాసోప్రెసిన్) లేకపోతే మూత్రపిండాలు నీటిని నిలుపుకోలేవు. పిట్యూటరీ ఆపరేషన్ అయిన మనిషి యూరిన్ బ్యాగ్ గంటకి 300 మి.లీ. చొప్పున నిండుతోంది, రంగు నీళ్లలాగా ఉంది, స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మూత్రం చిక్కదనం, 1.005 కంటే తక్కువ, మంచం పక్కన జగ్గు గంటగంటకీ ఖాళీ. ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ గంటగంటకీ రాసే నర్సు ఉంటే ఇది మొదటి రెండు మూడు గంటల్లోనే దొరుకుతుంది, షిఫ్ట్ చివర్లో ఒకేసారి కూడి రాస్తే దొరకదు. దీన్ని ఇన్నాళ్లూ డయాబెటిస్ ఇన్సిపిడస్ అన్నాం. డయాబెటిస్ అన్న మాట చూసి షుగర్ జబ్బు అనుకుని, ఏడీహెచ్ బదులు ఇచ్చే డెస్మోప్రెసిన్ ఆపేయడం వల్ల పేషెంట్లకి హాని జరిగింది. అందుకే 2022లో అంతర్జాతీయ నిపుణులు ఆర్జినీన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ అన్న కొత్త పేరు ప్రతిపాదించారు. ఏడీహెచ్ ఎక్కువైతే దీనికి తిరగబడి నీరు నిలిచి సోడియం పలచబడుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. ఆ సోడియంని సరిచేసేటప్పుడు తొందర పనికిరాదు, 24 గంటల్లో లీటరుకి 8 నుంచి 10 మిల్లీమోల్స్ మించి పెరగనివ్వకూడదు. మించితే మెదడు దెబ్బతింటుంది.

చివరగా షుగర్. దీనికి ఒక రోజంతా కావాలి, నేను రెండే చోట్ల ఆగుతాను.

ఒకటి, కీటోఅసిడోసిస్. ఇన్సులిన్ లేనప్పుడు నెత్తురు నిండా చక్కెర ఉన్నా చాలా కణాలు దాన్ని అందుకోలేక ఆకలితో ఉంటాయి. కొవ్వు కరిగి కీటోన్లు, వాటివల్ల ఆమ్లం. ఆ ఆమ్లాన్ని ఊదెయ్యడానికి మనిషి లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటాయి, ఆక్సిజన్ 99 చూపిస్తుంది. భయపడుతున్నాడులే అని వదిలేయడం ఇక్కడ ప్రాణాంతకం. దగ్గరికి వెళ్తే నోట్లోంచి మగ్గిన పళ్ల వాసన. షుగర్ చూడండి, కీటోన్లు చూడండి. వైద్యంలో మొదటిది సెలైన్. రెండోది పొటాషియం రిపోర్టు. రిపోర్టులో అది మామూలుగానో, ఎక్కువగానో కనిపిస్తుంది, కానీ ఒంట్లో నిల్వ ఖాళీ. ఆమ్లం వల్ల, ఇన్సులిన్ లేకపోవడం వల్ల కణాల్లోంచి బయటికొచ్చి నెత్తురులో తేలుతోంది, చాలావరకు మూత్రంలో పోయింది. ఇప్పుడు ఇన్సులిన్ ఇస్తే మిగిలిందంతా కణాల్లోకి వెళ్లిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే పొటాషియం మరీ తక్కువుంటే, 3.5 లోపు ఉంటే, ముందు దాన్ని సరిచేసి ఆ తర్వాతే ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెడతారు. షుగర్ 250కి దిగాక డెక్స్‌ట్రోజ్ కలుపుతారు గానీ ఇన్సులిన్ ఆపరు, ఎందుకంటే మన పోరాటం కీటోన్లతో. డ్రిప్ ఆపడానికి గంట, రెండు గంటల ముందే చర్మం కింద ఇచ్చే ఇన్సులిన్ పడాలి. లేకపోతే నిమిషాల్లో మొదటికొస్తుంది.

రెండోది మన చేతిలో సిరంజి. మి.లీ.కి 40 యూనిట్లుండే వయల్ వేరు, 100 యూనిట్లుండేది వేరు. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని పొరపాటున 40 సిరంజిలో 20 గీత దాకా లాగారనుకోండి. అది అర మి.లీ. అంటే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. తిరగేస్తే, 40 ఇన్సులిన్ 100 సిరంజిలో 20 గీత అంటే 8 యూనిట్లే. వయల్ మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ పైకి చదవండి, పక్క సిస్టర్‌కి వినిపించేలా. ఇంజెక్షన్ ఇచ్చే చోటు కూడా ముందు వేళ్లతో తడమండి. ఏళ్లుగా ఒకేచోట పొడిస్తే కింద మెత్తటి గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి ఉండదు కాబట్టి పేషెంటుకి అదే ఇష్టం. కానీ మందు సరిగా ఒంటికి పట్టదు. చోటు మార్పించండి, మార్చిన రోజు నుంచి షుగర్ పడిపోకుండా కనిపెట్టుకుని ఉండండి, ఎందుకంటే అదే డోసు ఇప్పుడు పూర్తిగా పనిచేస్తుంది.

షుగర్ 70 లోపు వచ్చి స్పృహలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్లలో, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష. ప్రొప్రనలాల్ లాంటి మందులు వాడేవాళ్లలో వణుకు, గుండెదడ కనిపించవు. చెమట మాత్రం దాగదు. రాత్రి రౌండ్‌లో మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, ఆ మూడో వరసలో అమ్మాయి, చెప్పమ్మా.

మంచి ప్రశ్న. అందరికీ వినబడిందా? "పేషెంటుకి స్పృహ లేదు, షుగర్ 40, క్యాన్యులా ఊడిపోయింది, డాక్టరు వచ్చేలోపు నేనేం చెయ్యాలి" అని అడుగుతోంది. మొదట, నోట్లో ఏమీ పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎమర్జెన్సీ అని కేకేసి మనిషిని పిలుచుకో. పేషెంటుని పక్కకి తిప్పి పడుకోబెట్టు, గాలి ఆడేలా చూడు. మీ వార్డు స్టాండింగ్ ఆర్డర్‌లో (డాక్టరు ముందే రాసిపెట్టిన ఆదేశాల్లో) గ్లూకగాన్ ఉంటే 1 మి.గ్రా. తొడ కండరంలోకి. పది, పదిహేను నిమిషాల్లో లేస్తాడు, లేవగానే వాంతి చేసుకోవచ్చు, పక్కకి తిప్పింది అందుకు కూడా. ఇంకొకరు ఈలోపు లైన్ పెడతారు. పెద్ద నరం దొరికితే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ., బయటికి లీకైతే చర్మం కుళ్లుతుంది కాబట్టి నరంలోనే ఉందని చూసుకుని. గ్లూకగాన్ కాలేయంలో నిల్వ ఉన్న చక్కెరనే బయటికి లాగుతుంది. రోజుల తరబడి తిండి లేనివాళ్లలో, మద్యం బాగా తాగినవాళ్లలో నిల్వ ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

లేచి కూర్చున్నాక తినిపించు. ఆ తర్వాత ఆయన ఏ మందు మీద ఉన్నాడో చూడు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్రలైతే, మూత్రపిండాలు కూడా బలహీనంగా ఉంటే, షుగర్ 140కి వచ్చిందని నిశ్చింతగా కూర్చోకు. మందు ఇంకా ఒంట్లోనే ఉంది, రెండు గంటల్లో మళ్లీ పడుతుంది. ఆ రాత్రంతా గంటగంటకీ షుగర్ చూసి రాయి. పొద్దున హ్యాండోవర్‌లో 24 గంటలు దాటేదాకా ఆపొద్దని నోటితో చెప్పి, చార్టు పైన కూడా రాసిపెట్టి వెళ్లు.